బయటి ట్యాంకు ముందా, లోపలి ట్యాంకు ముందా

ట్యాంకు పనికి పెట్టే ట్రేడ్ టెస్టులో నేను తప్పింది ఒక్క ప్రశ్న దగ్గర. యుద్ధ ట్యాంకులో డీజిలు ఒకే చోట ఉండదు. వెనక రెండు పీపాలు వేలాడుతుంటాయి. పక్కల, గొలుసు చక్రాల పైన, రేకు పెట్టెలు వరసగా ఉంటాయి. లోపల డ్రైవరు పక్కన కొన్ని, అతని వీపు వెనక కొన్ని. ఇంజను తిరుగుతుంటే వీటిలో ఏది ముందు ఖాళీ అవుతుందని ఉస్తాద్ అడిగాడు. పట్టాళంలో పాఠం చెప్పేవాణ్ణి ఉస్తాద్ అంటారు.

నేను నిటారుగా నిలబడి, "లోపలివి ముందు, బయటివి చివర," అన్నాను.

"ఎందుకు?"

"బయటివి నలుగురికీ కనబడతాయి ఉస్తాద్. అవి బోసిపోతే మన సంగతి తెలిసిపోతుంది."

గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఎందుకు నవ్వారో నాకు అర్థం కాలేదు. ఉస్తాద్ నవ్వకుండా, సెలవు మీద ఇంటికి పోయి ఆలోచించుకోమన్నాడు. తిరిగి రాగానే ఇంకొక అవకాశం ఇస్తారు. అప్పుడూ తప్పితే ట్యాంకు మీదినుంచి దించి, ఆఫీసర్ల మెస్సులో వడ్డించే పనికి పంపుతారు. తెల్లకోటు వేసుకొని, బొత్తాలు పెట్టుకొని, ప్లేట్లు మోయాలి. ఆ పని చేసేవాళ్ళను తక్కువ చేసి రాయడం లేదు. మా ఇంట్లో మాత్రం ఎవరూ ఇంకొకరి విస్తరి ముందు గరిటెతో వంగలేదు. నేను వంగలేను. వంగడం తెలియదు కూడా.

తొంభైల్లో ఒక వేసవి అది. నెల్లూరులో రైలు దిగి, బస్సులో ఆత్మకూరు చేరేదాకా నా తలలో గొట్టాలే. పన్నెండు సిలిండర్ల ఇంజను, ఆరూ ఆరూ రెండు వరసలుగా, రెండు వేళ్ళు విప్పినట్టు వాలి ఉంటుంది. స్టార్ట్ చేయడానికి బ్యాటరీ ఉంది. అది చాలకపోతే బిగబట్టిన గాలి సీసాలున్నాయి. ముందు పంపు వేసి నూనెను పైకి తేవాలి, నూనె ఒత్తిడి చూపే ముల్లు లేచేదాకా ఇంజను ముట్టకూడదు. డీజిలు దొరకని చోట కిరసనాయిలు పోసినా, పెట్రోలు పోసినా పనిచేస్తుంది, ఒక మీట మార్చాలంతే. ఇవన్నీ హిందీలో చెప్పారు. మీటల మీద అక్షరాలు ఇంకేదో దేశానివి. బొమ్మలున్న పుస్తకం గేటు దాటించకూడదు. కాబట్టి నా దగ్గర ఉన్నదల్లా తలకాయలో ఉన్నదే. అక్కడ ఒక గొట్టం పట్టుకుంటే ఇంకొకటి జారిపోయేది.

అప్పటికి మేము ఆత్మకూరులో ఒక అద్దె వాటాలో ఉన్నాం. నాయన, అవ్వ. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అంతకుముందు ఉదయగిరిలో, కొండ కింది వీధిలో మాకు పెద్ద ఇల్లు ఉండేది. అది ఒక్కసారిగా పోలేదు. మొదట లోపలి గదిలో బీరువా పోయింది. తర్వాత వంటింట్లో ఇత్తడి పోయింది. అవ్వ పడుకునే పందిరిమంచం పోయింది. వసారాలో టేకు కుర్చీలు మాత్రం చివరి రోజుదాకా తుడిచినవి తుడిచినట్టే ఉన్నాయి. ఎవరైనా వస్తే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేవాళ్ళం, ఆ పూట లోపల మాకు పాలు ఉండవు. వీధి గోడకు ఏటా సున్నం కొట్టేవాళ్ళు. లోపల గోడలకు నేను పుట్టాక సున్నం పడిన గుర్తు లేదు. ఇది నేను ఫిర్యాదుగా చెప్పడం లేదు. మర్యాదగల ఇల్లు అలాగే ఉంటుంది. నాకు తెలిసిన వరస అదే, ఉస్తాద్‌కు చెప్పిందీ అదే.

నాయనకు సంగతి మొత్తం చెప్పాను. ఆయన ఇస్త్రీ పంచె కట్టుకొని, వాటా ముందున్న అరుగు మీద కూర్చొని విన్నాడు.

"నువ్వు చెప్పిందాంట్లో తప్పేముండాది?" అన్నాడు.

"తప్పన్నారు నాయనా."

"ఎవుడన్నాడు? వాడిది ఏ ఊరు?"

"యాడో ఉత్తరాది."

"అదీ సంగతి. వాళ్ళకు ఇండ్ల సంగతి ఏం తెలుస్తది," అని నాయన లోపలికి పోయాడు.

నాకు ధైర్యం రాలేదు. మర్నాడు పెరట్లో అవ్వ కుండలు మూడు తెచ్చి ఒకే ఎత్తున వరసగా ఇటుకల మీద పెట్టాను. తాపీమేస్త్రీలు మట్టం చూసుకునే సన్నటి గొట్టం ఉంటుంది, దాన్ని ముక్కలు కోశాను. మొదటి కుండ అడుగునుంచి రెండో కుండ మూతి దగ్గరికి ఒక ముక్క, రెండోదాని అడుగునుంచి మూడోదాని మూతి దగ్గరికి ఒక ముక్క. మూడోదాని అడుగునుంచి బక్కెట్టులోకి ఇంకొకటి. కుండలకు చిల్లులు పెట్టి, చుట్టూ మైనం మెత్తాను. మొదటి కుండ బయటి ట్యాంకు, మూడోది లోపలిది, బక్కెట్టు ఇంజను.

అవ్వ గడపలో నిలబడి చూసింది.

"పులుసు కుండకు చిల్లు పెట్టినావేందిరా?"

"ఇది డీజిలు ట్యాంకు అవ్వా."

"డీజిలయితే మాత్రం కుండకు చిల్లు పెడతారా? మిల్ట్రీలో ఇదేనా నేర్పేది?"

కుండల నిండా నీళ్ళు పోసి గొట్టం వదిలాను. మూడోది, అంటే లోపలిది, సర్రున ఖాళీ అయింది. మొదటిది నిండుగా, నిమ్మళంగా కూర్చుంది. మళ్ళీ పోసి వదిలాను. మళ్ళీ అదే. నాయనను పిలిచి చూపించాను. ఆయన మొహంలో అలాంటి వెలుగు నేను చాలాకాలంగా చూడలేదు.

"ఇంకేంది? నీళ్ళు గూడా నువ్వు చెప్పిందే చెప్తావుండాయి గదా," అన్నాడు.

అక్కడే నా అయోమయం రెట్టింపయింది. కుండలు నా పక్షం, ఇల్లు నా పక్షం. ఉస్తాద్ ఒక్కడే అటువైపు. అయితే ట్యాంకు అతని దగ్గర ఉంది.

ఆత్మకూరు బస్టాండు దగ్గర నాతో చదువుకున్నవాడు ఒకడు డీజిలు పంపులు, నాజిళ్ళు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. లారీలు, బస్సులు, పొలాల్లో మోటర్లు అన్నీ వాడి దగ్గరికే వచ్చేవి. చర్చిలో పాడిన పాటలే పనిలోనూ పాడుతుంటాడు. నన్ను చూడగానే నాజిలు పక్కన పెట్టి, ఉన్న ఒక్క స్టూలూ తుడిచాడు.

"రా చిన్నదొరా. దేశాన్ని ఎవురి మీద వదిలిపెట్టి వచ్చినావు?"

ప్రశ్న చెప్పాను. వాడు బనీను మీద చేతులు తుడుచుకుంటూ విని, "ఇన్ని ట్యాంకులెందుకురా ఒక బండికి? లారీకి ఒకటే ట్యాంకు, ఒకటే పైపు. అయిపోతే ఆగిపోతది. దానికి పరీక్షేంది?" అన్నాడు.

కిరసనాయిలు పోసినా పెట్రోలు పోసినా నడుస్తుందని చెప్పాను.

"అబద్ధం."

"నిజం. మీట మార్చాల."

"అట్టయితే అది ఇంజను గాదు, మా మామ. ఏది పోసినా తాగతాడు."

గుండ్లు నిలబెట్టే గుంటలు కూడా ఒక డీజిలు ట్యాంకులోనే ఉంటాయని, చుట్టూ డీజిలు, మధ్యలో మందుగుండు అని చెప్పాను. అది నిజమే. మొదటిసారి చూపించినప్పుడు నేనూ నమ్మలేదు. వాడు పక్కన పెట్టిన నాజిలు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"దాంట్లో కూర్చునేది ఎవురు?" అన్నాడు.

"పాసయితే నేను."

"ప్లేట్లు మొయ్యడమే నయం గదరా," అన్నాడు, ఈసారి ఎగతాళి లేకుండా.

నేను లేచి వచ్చేశాను. వాడి మాట నాకు కోపం తెప్పించిందో, భయపెట్టిందో ఇప్పటికీ చెప్పలేను.

ఆ సాయంత్రం పెరట్లో కుండల ముందు కూర్చున్నప్పుడు ఒక చిన్న సంగతి గుర్తుకొచ్చింది. శిక్షణలో ఒకసారి నేను లోపలి ట్యాంకు మూత సరిగా బిగించలేదు. ఉస్తాద్ ఆ మూత తన చేత్తో బిగించి, నా వేళ్ళమీద స్పానరుతో ఒకటి తగిలించి, మూత వదులైతే వరస తప్పుతుందని అన్నాడు. నేను వరస అంటే మేము నిలబడిన వరస అనుకొని సర్దుకొని నిలబడ్డాను. ఇప్పుడు కుండలు చూస్తే వాటికి మూతలే లేవు. మూడింటికీ గాలి పైనుంచి తనంతట తాను వస్తోంది. యుద్ధ ట్యాంకులో అన్ని మూతలూ బిగించి ఉంటాయి. గాలి పీల్చుకునే దారి బయటివైపు కొసన ఒక్కచోటే. దానివల్ల ఏమవుతుందో నాకు తోచలేదు, కానీ ఏదో అవుతుందని తోచింది.

అందుకు కుండలు పనికిరావు. మూత కోయని నూనె డబ్బాలు కావాలి. ఆత్మకూరులో అంగళ్ళవాళ్ళు పైరేకు మొత్తం కోసేసి, ఖాళీ డబ్బాలను బియ్యం పోసుకునేవాళ్ళకు ఇచ్చేస్తారు. మూల చిన్న చిల్లు పెట్టి నూనె దించేది టోకు వ్యాపారులు. నాకు తెలిసిన టోకు వ్యాపారి ఒక్కడే. ఆయన ఉదయగిరిలో, మా ఇంట్లో ఉన్నాడు.

ఆ ఇల్లు కొన్నది ఆయనే. కొన్నాక నేను ఆ వీధిలోకి పోలేదు. నాయన అయితే ఉదయగిరి బస్సు కనబడితే మొహం తిప్పుకునేవాడు. ఆయనకు చెప్పకుండా, ఆగిపోయిన ఒక ట్రాక్టరు చూడటానికి ఉదయగిరి పోతున్న ఆ పంపుల షాపు మెకానిక్ మోపెడు వెనక ఎక్కాను. ఎండకు తారు మెత్తబడి ఉంది. దారి పొడుగునా వాడు పాడుతూనే ఉన్నాడు. నేను ఏమని అడగాలో మాటలు కూర్చుకుంటూ ఉన్నాను. అడగడం అలవాటు లేనివాడికి మొదటి మాట దొరకదు.

వీధిలోకి తిరగగానే ఇల్లు గుర్తుపట్టలేకపోయాను. వీధి గోడ సున్నం పెచ్చులూడి ఇటుక బయటపడింది. మా టేకు కుర్చీలు ఉండే చోట చిరిగిన గోనెసంచులు, ఒక విరిగిన కాటా. నా రక్తం ఉడికింది. ఇల్లు కొన్నవాడు మరీ ఇంత చితికిపోయాడా అనుకున్నాను. నిజం చెప్పాలంటే నా నడుం ఇంకొంచెం నిటారు అయింది.

ఇల్లు కొన్న సెట్టిగారు బనీనుతో బయటికొచ్చి, నన్ను గుర్తుపట్టి, సంచి మీద కండువా పరిచాడు.

"కూర్చో అబ్బయ్యా. నాయన బాగుండాడా? అవ్వ?"

"బాగుండారు. నాకు ఖాళీ డబ్బాలు కావాల. చిన్న చిల్లు ఉండేవి."

అంతసేపు కూర్చుకున్న మాటలేవీ రాలేదు. ఇంతే వచ్చింది. మెకానిక్ పక్కనుంచి అందుకున్నాడు.

"చిన్నదొర ట్యాంకు కడతావుండాడు సెట్టిగారూ. మీ డబ్బాలతో పాకిస్తాను మీదికి పోతాడంట."

"పోనీ, మన ఊరి పేరు నిలబడతది. లోపలికి రా అబ్బయ్యా, నీకు కావలసినయ్యి నువ్వే ఏరుకో."

లోపలికి పోయాను. మేము పడుకున్న గది నేలనుంచి దూలందాకా నూనె డబ్బాలు. వంటింట్లో పప్పు బస్తాలు. పందిరిమంచం ఉండే చోట చక్కెర. కాలు పెట్టేందుకు చోటు లేదు. మా హయాంలో ఆ గదులు మాట్లాడితే మోగేవి. ఇప్పుడు నా మాట నాకే వినపడలేదు. బయట ఏమీ పెట్టుకోకుండా లోపల ఇంత నింపుకొని, చినిగిన సంచి మీద కూర్చునే మనిషిని ఏమనుకోవాలో నాకు తెలియలేదు. పిసినారి అనుకుందామంటే డబ్బాలు ఊరకే తీసుకుపొమ్మంటున్నాడు. గౌరవం తెలియనివాడు అనుకుందామంటే నాకు కండువా పరిచాడు.

"ఊరకే వద్దు. వాడుకొని పంపిస్తాను," అన్నాను.

"ఖాళీ డబ్బాలకు అదేంది అబ్బయ్యా."

"పంపిస్తాను."

ఆయన నా మొహం చూసి, "సరే, పంపించు," అన్నాడు.

డబ్బాలు మోపెడుకు రెండు పక్కలా కట్టి ఆత్మకూరు వచ్చాం. ఊరూరా కుక్కలు వెంటబడ్డాయి. గొట్టాలకు ఇత్తడి ముక్కలు పెట్టి, అతుకులన్నీ గాలి చొరకుండా సోల్డరింగు చేసింది మెకానికే. బయటి డబ్బాకు మాత్రం పైన ఒక చిల్లు వదలమన్నాను.

"చుక్క గూడా రాదు. గాలి లేందే నీళ్ళెట్టా వస్తాయిరా? నేను దినామూ చేసే పని ఇది," అన్నాడు వాడు.

డబ్బాల్లో గొంతుదాకా నీళ్ళు నింపి, మధ్యదానికీ లోపలిదానికీ నీళ్ళు పోసిన చిల్లు మైనంతో మూసి, చివరి గొట్టం వదిలాను. వచ్చాయి. సన్నగా, ఆగకుండా వచ్చాయి. డబ్బాలో ఏముందో పైకి కనబడదు కాబట్టి వేలితో తట్టి చూడాల్సి వచ్చింది. లోపలి డబ్బా తడితే బరువుగా, మూగగా పలికింది. మధ్యది కూడా. బయటిది రానురాను డొల్లగా మోగింది. అవ్వ వచ్చి పుచ్చకాయ చూసినట్టు మూడింటినీ తట్టింది.

"ఈ కొసది బోసిపొయ్యింది. మిగతా రెండూ నిండుగా ఉండాయి," అంది.

బయటిది పూర్తిగా అయిపోయాకే మధ్యది దిగడం మొదలయింది. లోపలిది అన్నిటికంటే చివర. మూత బిగిస్తే లోపలిది తనది వదలకుండా పక్కదాన్ని లాగుతుంది, అది బయటిదాన్ని లాగుతుంది. మెకానిక్ మాత్రం డబ్బాలో పల్చటి రేకు లోపలికి చొట్టపడిందని చూపించి, తన మాటే నిజమన్నట్టు పాట అందుకున్నాడు.

నాయన అరుగు మీదినుంచి ఇటు రాలేదు. డబ్బాల మీద సెట్టిగారి ముద్ర ఉంది. ఆయన దాన్ని దూరంనుంచే చదివి ఉంటాడు. రాత్రి భోజనాల దగ్గర ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. సెలవు అయ్యేలోగా డబ్బాలు బస్సు మీద వేసి ఉదయగిరికి పంపేశాను.

రెండోసారి టెస్టులో అదే ఉస్తాద్ అదే ప్రశ్న అడిగాడు. "బయటివి ముందు, లోపలివి చివర," అన్నాను. ఎందుకని అడిగాడు. గాలి దారి గురించి చెప్పాను. అది ఎలా జరుగుతుందో చెప్పావు, ఎందుకలా చేశారో చెప్పు, అన్నాడు. నాకు తెలియదన్నాను. బయటిది ముందు దెబ్బ తింటుంది కాబట్టి, పోరు మొదలయ్యేలోగా అది వాడేసుకోవాలని ఆయనే చెప్పాడు. బతకడానికి కావలసింది లోపల దాచాలన్నాడు. నేను తల ఊపాను. చెవికి ఎక్కింది, మనసుకు ఎక్కడానికి ఇంకా చాలాకాలం పట్టింది. ఆ తర్వాత ట్యాంకులో కూర్చోబెట్టి, ఇంధనం మీటను లోపలి ట్యాంకులకు తిప్పమన్నారు. తిప్పి, గొట్టాల్లో గాలి పోయేదాకా చేతిపంపు కొట్టి, నూనె ముల్లు లేచాక బొత్తం నొక్కాను. నా వెనక ఏదో పెద్ద జంతువు లేచి నిలబడ్డట్టు ఇంజను అందుకుంది. పాసయ్యానన్నారు.

ఆత్మకూరు బస్టాండు దగ్గరి టెలిఫోను బూత్‌కు ఫోను చేసి, నాయనను పిలిపించమన్నాను. ఆయన పంచె మార్చుకొని వచ్చేదాకా ఆగి మళ్ళీ చేశాను.

"పాసయినాను నాయనా."

"ఏం చెప్పినావు?"

"బయటిది ముందు అని."

అటువైపు బస్సు హారన్లు వినిపించాయి. కండక్టరు ఎవరో కలిగిరి, కలిగిరి అని అరుస్తున్నాడు.

"అయితే మనం అనుకునింది తప్పా?" అన్నాడు నాయన.

ట్యాంకు సంగతి అడుగుతున్నాడా ఇంకేదైనా అడుగుతున్నాడా నాకు తెలియలేదు. "ట్యాంకులో అయితే తప్పే నాయనా," అన్నాను.

"సరే. ఇంక నిన్నేమంటారు?"

"డ్రైవరు."

"డ్రైవరా." ఆ మాటను ఆయన కొంచెంసేపు నోట్లోనే ఉంచుకున్నాడు. "ఎవురిని తోలుకపోవాల?"

"పైన కమాండరు ఉంటాడు. ఆయన చెప్పినట్టు తోలాల."

"ఎవురి కొడుకు ఆయన?"

"తెలీదు."

"తెలుసుకో. తెలీకండా ఎట్టా తోలతావు?" అని నాయన ఫోను పెట్టేశాడు.

నేను అడిగి తెలుసుకున్నాను. మా కమాండరు తండ్రి ఉత్తరాదిలో ఎవరి పొలంలోనో చెరకు బండి తోలేవాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన టీ తాగుతున్నాడు, గొంతులో ఏ మార్పూ లేదు. పైగా తన కప్పులో టీ సగం నాకు పోశాడు. నేను తాగాను. దీన్ని ఇంట్లో ఎలా చెప్పాలో ఎంత ఆలోచించినా తోచలేదు. తర్వాత ఫోను చేసినప్పుడు నాయన ఆ మాట ఎత్తుతాడేమోనని, ఆయన నోరు తెరవకముందే అక్కడ వానలు పడ్డాయా అని అడిగాను.